జనం గొంతు కలిపే పాట కట్టడం ఎలా

ఒక సమస్య మీద పాట కట్టాలనుకుంటే ముందు ఒక సంగతి తేల్చుకోండి: మీరు పాడితే జనం వినాలా, లేక జనమే పాడాలా? రెండూ వేరు వేరు పనులు. వినే పాటకు మంచి గొంతుంటే చాలు, కానీ భయపడి ఇంట్లో కూర్చున్న మనిషికి నలుగురితో కలిసి పాడితే వచ్చే ధైర్యం వింటే రాదు, అందుకే ఇక్కడ రెండోదాని గురించే చెబుతున్నాను.

కలం పట్టుకోకముందే ఆ కష్టం పడుతున్నవాళ్ల దగ్గర కూర్చోండి. వాళ్లు ఏ మాటల్లో చెబితే ఆ మాటల్లోనే రాసుకోండి. "దోపిడీ", "చైతన్యం" లాంటివి ఉపన్యాసానికి సరిపోతాయి గానీ పాటలో పట్టు దొరకదు. "నెల తిరిగినా జీతం రాలే" అని ఒకావిడ విసుగ్గా అన్న మాటే మీ పల్లవి కావచ్చు. నా మొదటి పాట నిండా పెద్ద మాటలే, అందరూ శ్రద్ధగా విన్నారు, ఒక్కరూ గొంతు కలపలేదు.

బాణీ కొత్తదే కావాలన్న పట్టుదల వద్దు. అందరికీ తెలిసిన పాత జానపద వరస తీసుకుంటే సగం పని అయిపోయినట్టే. 1945-46లో అమెరికాలోని చార్లెస్టన్‌లో సిగార్ ఫ్యాక్టరీ కార్మికులు, ఎక్కువగా నల్లజాతి మహిళలు, నెలల తరబడి సమ్మె చేసినప్పుడు చర్చిలో పాడుకునే పాటనే సమ్మె పాటగా మార్చుకున్నారు. అందులో "నేను" పోయి "మనం" వచ్చింది. తర్వాత అక్కడి నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమం అంతటా వినిపించిన "వి షల్ ఓవర్‌కమ్" ఆ పాటే.

ఆ "మనం" దగ్గర తెలుగులో రాసేవాళ్లు కాస్త ఆగాలి, ఎందుకంటే మనకు "మేము" కూడా ఉంది. "మేము" అంటే వినేవాడు బయట ఉన్నట్టు, "మనం" అంటే లోపల ఉన్నట్టు. పాలించేవాణ్ని నిలదీయాలంటే మొదటిదే సరైనది, గరిమెళ్ల సత్యనారాయణ "మాకొద్దీ తెల్లదొరతనము" అన్నప్పుడు ఆ "మా" ఎంత సూటిగా తగులుతుందో చూడండి, ఆ పాటకు ఆయన జైలుకు కూడా వెళ్లారు. పక్కన నిలబడి చూస్తున్నవాళ్లను కలుపుకోవాలంటే మాత్రం "మనం". ఎవరితో మాట్లాడుతున్నామో తేలకుండా రెండూ కలిపేస్తే పాట ఎవరికీ తగలదు.

ఇక కట్టుబడి. ఒక పాదం ఒక్క గుక్కలో అయిపోవాలి. మరీ పై స్థాయికి వెళ్లకండి, ఆడవాళ్లూ మగవాళ్లూ పిల్లలూ ఇబ్బంది లేకుండా అందుకోవాలి కదా. ఒకరు ముందు పాడితే మిగతావాళ్లు వంత పాడేలా పెట్టుకోండి, ఆ వంత మాత్రం ఎప్పుడూ మారకూడదు. చరణంలో ఒక మాట మార్చుకునే వీలుంచితే (ఈ రోజు "జీతం", రేపు "సెలవు") ఎవరైనా అప్పటికప్పుడు కొత్త చరణం అందుకోగలరు, అలా అందుకున్నప్పుడే ఆ పాట వాళ్లదవుతుంది.

తర్వాత నడుస్తూ, చప్పట్లు కొడుతూ, మైకు లేకుండా పాడి చూడండి. ఆయాసం వస్తే మాటలు తగ్గించండి. పాట తెలియనివాళ్లకు రెండుసార్లు వినిపించాక వంత తిరిగి పాడలేకపోతే తప్పు వాళ్లది కాదు, పాటను ఇంకా సులువు చేయాలి. బాధితుల పేర్లు వాళ్లను అడగకుండా పెట్టొద్దు, పాట పాడి మీరు వెళ్లిపోతారు, మర్నాడు పనిలోకి వెళ్లాల్సింది వాళ్లు.

చివరగా, ముందు పాడే పని ఇంకో ఇద్దరికైనా నేర్పండి, ఆ రోజు మీ గొంతు పోవచ్చు, మీరు రాలేకపోవచ్చు.