డీఏటీ ఫైలు తెరుచుకోనప్పుడు

సమస్య: పేరు చివర డీఏటీ అని ఉన్న ఫైలును నొక్కితే, దీన్ని ఏ ప్రోగ్రాముతో తెరవాలని విండోస్ మనల్నే అడుగుతుంది. నోట్‌ప్యాడ్‌తో తెరిస్తే తెర నిండా అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి.

కారణం: పీడీఎఫ్, జేపీజీల మాదిరిగా డీఏటీ ఒక నిర్దిష్టమైన ఫార్మాటు కాదు. అది 'డేటా' అన్న మాటకు కుదింపు మాత్రమే కనుక, ఏ సాఫ్ట్‌వేరైనా తన సమాచారాన్ని ఆ పేరుతో దాచుకోవచ్చు. పేరు చివరి అక్షరాలను మార్చి చూడటం వల్ల లోపలి సమాచారం మారదు. ఫైలు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుచేసుకోవడమే మొదటి పని. అది తెలియనప్పుడు ఫైలు నకలును హెచ్‌ఎక్స్‌డీ వంటి హెక్స్ ఎడిటరులో (ఫైలులోని బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపే ప్రోగ్రాములో) తెరిచి తొలి బైట్లను చూడాలి. అక్కడ 'పీకే' అన్న ఆంగ్లాక్షరాలుంటే అది జిప్ ఫైలు కావచ్చు, లేదా జిప్ రూపంలోనే భద్రమయ్యే వర్డ్, ఎక్సెల్ పత్రం కావచ్చు. లినక్స్, మ్యాక్‌లలో 'ఫైల్' అనే ఆదేశమే ఈ పరీక్ష చేసిపెడుతుంది.

ఈమెయిలుకు జతగా విన్‌మెయిల్ డీఏటీ వస్తే, పంపినవారు అవుట్‌లుక్‌లో రిచ్ టెక్స్ట్ పద్ధతి వాడారని అర్థం. అసలు జోడింపులు దాని లోపలే ఉంటాయి. హెచ్‌టీఎంఎల్ పద్ధతిలో మళ్ళీ పంపమని కోరడం సులువైన పరిష్కారం. అది కుదరకపోతే టీఎన్‌ఈఎఫ్ (విన్‌మెయిల్ డీఏటీ లోపలి ఫార్మాటు పేరు ఇదే) ఫైళ్ళను విప్పే ప్రోగ్రాముతో జోడింపులను బయటికి తీయవచ్చు. ఆధార్, బ్యాంకు పత్రాలు ఉండే అవకాశమున్న ఫైలును ముక్కూమొహం తెలియని వెబ్‌సైటుకు ఎక్కించడం మాత్రం నేను ఒప్పుకోలేను.

ఎన్‌టీయూజర్ డీఏటీ విండోస్‌లో మీ ఖాతా అమరికలను దాచే ఫైలు. దాన్ని తెరవకూడదు, తొలగించకూడదు.

మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది పాత పెళ్ళి వీసీడీలలోని డీఏటీ. డిస్కులో ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరు ఉంటే, అందులోని డీఏటీ ఫైళ్ళు ఎంపెగ్-1 వీడియోలు. వీఎల్‌సీ ప్లేయరులో అవి నేరుగా ఆడతాయి. వీడియోలను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రోగ్రాములో, మళ్ళీ ఎన్‌కోడ్ చేయకుండా నకలు మాత్రమే తీసే పద్ధతిలో, ఎంపీజీగా మార్చుకుంటే నాణ్యత తగ్గదు; అసలు చిత్రమే 352×288 పిక్సెళ్ళు కాబట్టి ఇంకా తగ్గించుకోవడం మంచిది కాదు.

డిస్కు నుంచి నకలు తీసేటప్పుడే మధ్యలో ఆగిపోతే, కారణం సాధారణంగా గీతలే. మామూలు డేటా సీడీ ఒక్కో సెక్టారులో (డిస్కుపై సమాచారాన్ని విభజించే చిన్న గడిలో) 2,048 బైట్ల సమాచారం ఉంచి, మిగిలిన చోటులో ఎక్కువ భాగాన్ని తప్పులు దిద్దే సంకేతాలకు కేటాయిస్తుంది. వీసీడీ ఆ అదనపు రక్షణను వదులుకొని 2,324 బైట్ల వీడియోను నింపుతుంది. అందువల్ల డిస్కును మెత్తని బట్టతో మధ్య నుంచి అంచుకు తుడిచి, అవసరమైతే వేరొక డ్రైవులో ప్రయత్నించాలి. లినక్స్‌లో మామూలుగా కాపీ చేస్తే గీతలు లేని డిస్కుకు కూడా లోపం చూపవచ్చు. అక్కడ వీసీడీల కోసమే ఉన్న వీసీడీఇమేజర్ సాఫ్ట్‌వేరులోని వీసీడీఎక్స్‌రిప్ అనే ఆదేశాన్ని వాడాలి. మార్చిన వీడియో చివరి వరకు ఆడుతుందని కళ్ళారా చూసుకునేదాకా అసలు డిస్కును పారేయవద్దు.