నేర నవల రాద్దాం - 6వ పాఠం: పాత ఫైలు ఎక్కడికీ పోదు

పోయిన పాఠంలో ఇరవై ఏళ్ల నాటి హత్య కేసు మళ్లీ తెరుచుకునే సీను రాయమన్నాను. వచ్చినవాటిలో చాలావరకు ఒకే సీను. ఎస్పీ గారు దుమ్ము పట్టిన ఫైలు టేబుల్ మీద పడేసి, "మొదట్నుంచీ నువ్వే చూడు" అంటారు. హీరో జీపెక్కుతాడు. ఆపైన సాక్షులు కొత్త, స్టేట్‌మెంట్లు కొత్త, ముద్దాయి కొత్త. ఆ ఫైలు మళ్లీ కథలోకి రాదు. అందుకని ఈసారి చెబుదామనుకున్న ఇంటరాగేషన్ పాఠం వాయిదా వేశాను.

చిన్నవి ముందు. 2002లో జరిగిన హత్యకు సెక్షన్ పాత శిక్షాస్మృతి ఐపీసీలోని 302, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్‌లోని 103 కాదు. కొత్త చట్టం 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకే. నిర్దోషి అన్న తీర్పు ఖాయమైపోయిన మనిషిని అదే హత్యకు మళ్లీ బోనెక్కించలేరు. ఎఫ్ఐఆర్, పంచనామా, రిమాండ్ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

ఇక అసలు గొడవ. "మొదట్నుంచీ" అనే అధికారం ఎస్పీకి లేదు. హంతకుడి ఆచూకీ దొరకలేదని కోర్టుకు తుది నివేదిక ఇచ్చేసిన కేసులో పోలీసులు చేయగలిగేది తదుపరి దర్యాప్తు మాత్రమే. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 173(8), ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 193(9). మేజిస్ట్రేట్ అనుమతి తీసుకుని మొదలుపెట్టడం ఆనవాయితీ. పాతది పక్కన పెట్టి కొత్తగా దర్యాప్తు చేయమనాలంటే పై కోర్టులే చెప్పాలి, అదీ అరుదుగా. వినయ్ త్యాగి కేసులో 2012లో సుప్రీంకోర్టు ఈ తేడా విడమరిచి చెప్పింది. తదుపరి దర్యాప్తులో పాత నివేదిక, కొత్త నివేదిక రెండూ కలిపే చదవాలి. అంటే ఆనాటి సీఐ రాసిన ప్రతి ముక్కా మీ హీరో మెడకు చుట్టుకునే ఉంటుంది.

ఎలాగో చూడండి. తణుకులో రైసు మిల్లు గుమస్తా హత్య, 2002 అనుకుందాం. ఎదురుగా కిళ్లీకొట్టాయన అప్పటి 161 స్టేట్‌మెంట్‌లో (దర్యాప్తులో సాక్షి చెప్పింది సీఆర్‌పీసీ సెక్షన్ 161 కింద పోలీసులు రాసుకునేది) ఉన్నది ఇంతే: "రాత్రి తొమ్మిదింటికి కొట్టు కట్టేసి ఇంటికి పోయాను. నాకేమీ తెలియదు." ఇప్పుడు మీ హీరోకి చెబుతాడు, "ఓనరు తమ్ముడి స్కూటర్ గేటు దగ్గర చూశానండీ." మీరంతా ఇక్కడ అరెస్టు చేసేసి అధ్యాయం ముగించారు. కోర్టులో ముద్దాయి తరఫు లాయరు కిళ్లీకొట్టాయన్ని నిలదీస్తే ఏం జరుగుతుందో రాయండి.

"స్కూటర్ సంగతి అప్పుడు పోలీసులకు చెప్పావా?"

"చెప్పానండీ."

"ఇందులో లేదే?"

ముఖ్యమైన సంగతి వదిలేస్తే అది కూడా వైరుధ్యమే కావచ్చని సీఆర్‌పీసీ సెక్షన్ 162లోనే (ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 181) ఉంది. 161 స్టేట్‌మెంట్ మీద సాక్షి సంతకం ఉండదు, పెట్టించకూడదు కూడా. (సాక్షి వణుకుతూ సంతకం పెట్టే సీన్లు దయచేసి తీసేయండి.) కాబట్టి చెప్పాడా లేదా తేల్చడానికి దాన్ని రాసుకున్న సీఐని బోనులోకి పిలుస్తారు. ఆయన రిటైరై పదేళ్లయింది. "చెప్పలేదు" అంటే హంతకుడికి సాయం. "చెప్పాడు, నేనే రాయలేదు" అంటే ఎందుకు రాయలేదన్న ప్రశ్న ఆయన మీదే పడుతుంది. నా లెక్కలో నవలకి అసలు క్లైమాక్స్ ఇదే. ఛేజింగులు సినిమా వాళ్లకి వదిలేయండి.

డీఎన్ఏతో ఒక్క పేజీలో తేల్చేసిన వాళ్లకి: కాలిఫోర్నియాలో 2018లో వంశవృక్షాల వెబ్‌సైట్ ద్వారా గోల్డెన్ స్టేట్ కిల్లర్ అనే పాత సీరియల్ హంతకుణ్ని పట్టుకున్న మాట నిజమే. మన దగ్గర డీఎన్ఏ బ్యాంకులు పెట్టే బిల్లునే 2023లో వెనక్కి తీసుకున్నారు. వేలిముద్రైతే నమ్ముతాను. 2002లో చేత్తో పోల్చి చూసి వదిలేసిన ఛాన్స్ ప్రింట్ (నేరస్థలంలో దొరికిన వేలిముద్ర), 2022లో మొదలైన దేశవ్యాప్త వేలిముద్రల డేటాబేస్ నాఫిస్‌లో వేరే రాష్ట్రపు దొంగతనం కేసుతో కలవొచ్చు. అప్పుడు కూడా ఆ ముద్ర ఎత్తిన క్లూస్ టీం మనిషి, ఎక్కడ ఎత్తాడో రాసిన పంచనామా కావాలి. మళ్లీ పాత కాగితమే.

నేనైతే మొదటి అధ్యాయం ముందు పాత ఫైలంతా రాసేసుకుంటాను. కేసు ఏడాది 1998-2003 మధ్యే పెడతాను. ఎస్‌టీడీ బూత్‌లున్నాయి, సీసీ కెమెరాలు లేవు, సెల్లు టవర్ల పీడ తక్కువ. ఫైలు రాసింది రిటైర్మెంటుకి దగ్గరపడ్డ స్టేషన్ రైటర్ అయితే ఇంకా మంచిది. అలాంటి వాళ్లకి ఏం రాయకూడదో బాగా తెలుసు.

అభ్యాసం: కథ వద్దు. మీ కేసులో నలుగురు సాక్షుల పాత 161 స్టేట్‌మెంట్లు పోలీసు భాషలోనే, ఒక్కోటి పేజీకి మించకుండా రాయండి. ఒకదాంట్లో ఒక వాక్యం మాయం కావాలి, అది ఎవరు ఎందుకు వదిలేశారో మీకు తెలిసుండాలి. తర్వాత ఆ నలుగురి ఇప్పటి స్టేట్‌మెంట్లు, ఆ పైన రిటైర్డ్ సీఐ క్రాస్ ఎగ్జామినేషన్ మూడు పేజీలు. హీరో ఎక్కడా కనపడకూడదు. ఇవి వచ్చాకే ఇంటరాగేషన్ పాఠం.