ఆషాఢమాసపు మునగాకు, రక్తం పలచబరిచే మాత్రలు

గుండెకు లోహపు వాల్వు వేయించుకుని ఏళ్లుగా కులాసాగా ఉన్న పర్లాకిమిడి వాసి ఒకరికి కిందటి వానాకాలంలో మాట పడిపోయి కుడిచేయి చచ్చుబడింది. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర ఒక్కపూట కూడా తప్పలేదు. ఆషాఢంలో మునగాకు తినాలన్న ఆనవాయితీ కొద్దీ వారం దాటి రోజూ పప్పులోనూ వేపుడులోనూ అదే తిన్నారు. రక్తం గడ్డకట్టే వేగాన్ని కొలిచే పరీక్షలో ఐఎన్‌ఆర్ 1.4 అని తేలింది. ఈ అంకె ఎంత తగ్గితే రక్తం అంత త్వరగా గడ్డకడుతుంది. గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య, అంటే మైట్రల్ స్థానంలో, లోహపు వాల్వు ఉన్నవారికి సాధారణంగా అది 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి.

రక్తం గడ్డకట్టించే పదార్థాలను కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. వార్ఫరిన్, అసెనోకౌమరాల్ మాత్రలు ఆ పనికే అడ్డుపడతాయి. మునగాకు, తోటకూర, పాలకూర, మెంతికూరల్లో ఆ విటమిన్ పుష్కలం కనుక, వైద్యులు సరిచూసి నిలిపిన మోతాదు మీ రోజువారీ తిండికి సరిపోయేదే తప్ప ఏ తిండికైనా సరిపోయేది కాదు. ఆకుకూరలు మానమని నేను చెప్పడం లేదు. తినే పరిమాణం మార్చవద్దంటున్నాను. ఒక్కసారిగా పెంచితే రక్తం గడ్డకట్టే ప్రమాదం. ఎవరో భయపెట్టారని, పాత మోతాదే మింగుతూ, ఆకుకూరలు ఒక్కసారిగా మానేస్తే చిగుళ్ల నుంచి నెత్తురు, ఎర్రటి మూత్రం. నేను ఎక్కువగా చూసింది ఈ రెండో రకాన్నే. వారానికి రెండుసార్లు తినే ఇంట్లో ఆషాఢమైనా రెండుసార్లే.

అపిక్సబాన్, రివరాక్సబాన్, డాబిగాట్రాన్ కూడా రక్తం పలచబరిచేవే, కానీ విటమిన్ కె జోలికి పోవు కనుక అవి వాడేవారికి ఆకుకూరల లెక్క లేదు. అయితే రివరాక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలను అన్నంతోపాటే వేసుకోవాలి.

మిగిలినవి వరుసగా చెబుతాను. ఇప్పసారా ముట్టవద్దు. జ్వరమొచ్చి రెండు రోజులు తిండి సహించకపోయినా, విరేచనాలు పట్టుకున్నా ఐఎన్‌ఆర్ పెరుగుతుంది, వెంటనే పరీక్ష చేయించండి. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ వద్దు. ఆర్‌ఎంపీ దగ్గర కండలోకి సూది వద్దు. విరేచనాలకు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే మీ మాత్ర పేరు చెప్పి తీరాలి. పాతపట్నంలో కొన్న మాత్రకూ ఇక్కడ పర్లాకిమిడిలో కొన్నదానికీ మిల్లీగ్రాములు ఒకటేనా అని అట్ట మీద చూడండి. నిన్న మరిచిన మాత్రను ఈరోజు కలిపి మింగవద్దు. పసరు మందులు వద్దు. మళ్లీ చెబుతున్నాను, ఆకుకూర పెంచవద్దు, మానవద్దు. మలం తారులా నల్లగా వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. వాన బురదలో జారి తలకు దెబ్బ తగిలితే, పైకి గాయం లేకపోయినా, ఐఎన్‌ఆర్ పుస్తకం పట్టుకుని అదే గంటలో స్కానింగు ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.