రోబోటిక్స్ పోటీ నియమావళి: ఏ సామగ్రికి అనుమతి ఉందో అడిగి తెలుసుకోవడం ఎలా

తనిఖీ బల్ల మీద మల్టీమీటరు 12.58 వోల్టులు చూపించింది. నియమావళిలో ఉన్నది ఒకే వాక్యం: రోబోలో ఏ రెండు బిందువుల మధ్యనైనా వోల్టేజి పన్నెండుకు మించరాదు. చిత్తూరు నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి తిరుపతికి వచ్చిన మా జట్టు పిల్లలు తెచ్చుకున్నది మూడు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ. దాని మీద 11.1 వోల్టులని అచ్చు వేసి ఉంది కనుక మనం నిబంధనకు లోబడే ఉన్నామని పిల్లలూ, వాళ్ల గైడ్ టీచరునైన నేనూ ధీమాగా ఉన్నాం. "నిన్న రాత్రే ఫుల్ ఛార్జి చేసినాం సార్, అందుకే ఎక్కువ చూపిస్తా ఉంది" అని మా జట్టు నాయకుడు చెప్పిన మాటను తనిఖీ చేసే వాలంటీరు ఒప్పుకోలేదు. అతను ఒప్పుకోవలసిన అవసరమూ లేదు.

రోడ్డుకు అవతల ఉన్న స్కూటర్ మెకానిక్ దగ్గర 35 వాట్ల హెడ్‌లైటు బల్బు అడిగి తెచ్చి, బ్యాటరీకి తగిలించి ఛార్జి దింపే ప్రయత్నం చేశాం. మీటరు 11.9కి దిగిందని బల్బు తీసేయగానే, భారం తగ్గిన బ్యాటరీ మళ్లీ పన్నెండు దాటింది. మళ్లీ తగిలించాం, మళ్లీ తీశాం. మూడోసారి తీసేసరికి మా వంతు వెళ్లిపోయింది. పోటీకి పది రోజుల ముందు నిర్వాహకులను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ బల్బుతో పనే ఉండేది కాదు. ఆ ప్రశ్న ఎప్పుడు, ఎవరిని, ఏ మాటల్లో అడగాలో కొత్తగా జట్లను తయారు చేస్తున్న ఉపాధ్యాయులకూ, తొమ్మిది, పది, ఇంటరు విద్యార్థులకూ ఇక్కడ వివరిస్తున్నాను.

జాబితా ఏ రకమో ముందు తేల్చుకోండి

నియమావళి చేతికి రాగానే చాలామంది నేరుగా మార్కుల పట్టికకు వెళతారు. దానికంటే ముందు సామగ్రి గురించిన అధ్యాయం తెరిచి, అందులోని జాబితా "ఇవి మాత్రమే వాడాలి" అంటోందా, "ఇవి వాడరాదు" అంటోందా అన్నది చూడాలి. మొదటి రకంలో జాబితాలో లేని ప్రతి వస్తువూ నిషిద్ధమే. రెండో రకంలో జాబితాలో లేనిదానికి సాధారణంగా అనుమతి ఉన్నట్టే. ఈ తేడా పట్టించుకోకుండా, ఒక పోటీలో చెల్లిన వస్తువును ఇంకో పోటీకి అలాగే తీసుకువెళ్లి ఇబ్బంది పడే జట్లు ప్రతి ఏడూ కనిపిస్తాయి.

పిల్లల కోసం జరిగే అంతర్జాతీయ రోబోటిక్స్ పోటీ ఫస్ట్ లెగో లీగ్ మొదటి రకానికి మంచి ఉదాహరణ. అందులో రోబోను లెగో తయారీ భాగాలతోనే, అవి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితిలోనే వాడి కట్టాలి. లెగో దారాన్నీ గొట్టాన్నీ మాత్రం కావలసిన పొడవుకు కత్తిరించుకోవచ్చు. మోటార్లు నాలుగుకు మించకూడదు. రెండున్నర నిమిషాల ఆటలో రిమోట్ వాడటానికి వీల్లేదు. అక్కడ ఒక చుక్క ఫెవిక్విక్ వేసినా అది నిబంధన మీరినట్టే. ఇంజనీరింగు కళాశాలల ఉత్సవాల్లో జరిగే లైన్ ఫాలోయర్ (నేల మీది గీత వెంట రోబో నడిచే పోటీ), రోబో సాకర్, రోబో రేస్ వంటివి ఎక్కువగా రెండో రకానికి చెందుతాయి. పెట్రోలు ఇంజను వద్దు, రెడీమేడ్ కిట్ వద్దు, ఇంత వోల్టేజికి మించవద్దు, ఇంత బరువుకు మించవద్దు అని నాలుగైదు నిషేధాలు చెప్పి, మిగతాది విద్యార్థుల ఊహకు వదిలేస్తారు. స్వేచ్ఛ ఎక్కువ ఉన్న చోటే సందేహాలూ ఎక్కువ వస్తాయి కనుక, ప్రశ్నలు అడగవలసిన అవసరం ఈ రెండో రకంలోనే ఎక్కువ.

నియమావళి దాదాపు ఎప్పుడూ ఇంగ్లీషులోనే ఉంటుంది. దాన్ని తెలుగులో చదివి వినిపించేటప్పుడు "షల్", "మస్ట్" ఉన్న వాక్యాన్ని "చేయాలి" అనీ, "షుడ్" ఉన్నదాన్ని "చేస్తే మంచిది" అనీ, "మే" ఉన్నదాన్ని "చేయవచ్చు" అనీ వేరువేరుగా చెప్పడం నేను అలవాటు చేసుకున్నాను. అన్నింటినీ కలిపి "చేయాలి" అనేస్తే పిల్లలు సలహాను నిబంధన అనుకుంటారు, లేదా నిబంధనను సలహా కింద జమ కడతారు. కొందరు నిర్వాహకులు కూడా ఈ మాటలను తేడా లేకుండా రాసేస్తారు. అందువల్ల "షుడ్" అని ఉన్న వాక్యం మీద మీ రోబో నిర్మాణం ఆధారపడి ఉంటే, దానిని తప్పనిసరిగా అడగవలసిన ప్రశ్నల్లో చేర్చుకోండి. "వంటివి" అన్న మాటతో ముగిసే జాబితా కూడా అలాంటిదే. అది ఎక్కడ ఆగుతుందో రాసినవారికి తప్ప మరొకరికి తెలియదు.

సందేహం పుట్టే చోట్లు

బ్యాటరీ సంగతి పైన చెప్పాను, కానీ దాని వెనుక లెక్క పిల్లలకు తెలిసి ఉండాలి. లిథియం పాలిమర్ సెల్లు మీద రాసే 3.7 వోల్టులు నామమాత్రపు విలువ. నిండుగా ఛార్జి అయినప్పుడు ఆ సెల్లు 4.2 చూపుతుంది. మూడు సెల్లులు వరుసగా కలిపితే అచ్చులో 11.1, కొలతలో 12.6. 18650 అనే గుండ్రటి లిథియం సెల్లులను మూడు హోల్డరులో పెట్టి వాడేవారికీ ఇదే లెక్క. ఆ మాటకొస్తే, పన్నెండు వోల్టులని పేరున్న స్కూటరు బ్యాటరీ కూడా నిండుగా ఉన్నప్పుడు 12.6కు పైనే చూపుతుంది. అంటే "పన్నెండుకు మించరాదు" అని రాసినవారు బహుశా అచ్చు వేసిన విలువనే మనసులో పెట్టుకుని ఉంటారు. కానీ తనిఖీ చేసే వ్యక్తి రాసినవారి మనసు చదవడు, తన చేతిలోని మీటరునే చదువుతాడు. ఈ ఒక్క విషయంలో రాతపూర్వకమైన జవాబు లేకుండా బయలుదేరవద్దని గట్టిగా చెబుతాను.

వైర్‌లెస్ నిబంధన రెండో చిక్కు. "వైర్‌లెస్ మాడ్యూల్ వాడరాదు" అన్నప్పుడు, విడిగా అమ్మే హెచ్‌సీ-05 బ్లూటూత్ ముక్క వాడకూడదన్న సంగతిలో సందేహం లేదు. మరి రోబోను నడిపించే ప్రోగ్రాము ఎక్కించుకునే ఈఎస్‌పీ32 బోర్డు సంగతేమిటి? వైఫై, బ్లూటూత్ రెండూ ఆ బోర్డు చిప్‌లోనే ఉంటాయి. ప్రోగ్రాములో వాటిని ఆపివేయవచ్చు కానీ బోర్డు నుంచి ఊడదీయలేము. మైక్రోబిట్ అనే ఇంకో బోర్డులో కూడా రేడియో ఉంటుంది. నిషేధం ఆ భాగం ఉండటం మీదా, దాన్ని వాడటం మీదా అన్నది అడగాలి. వాడకపోతే చాలు అని వారు చెబితే, వాడటం లేదని ఏ విధంగా చూపించాలో కూడా అదే ప్రశ్నలో అడిగేయండి. జవాబు రాకపోతే, వైర్‌లెస్ లేని ఆర్డువినో ఊనో పాత రకం బోర్డుతో వెళ్లడం క్షేమం.

"రెడీమేడ్ కిట్" అన్న మాటకు అర్థం ఎవరికి తోచింది వారు చెబుతారు. చిన్న రోబోల చక్రాలు తిప్పే పసుపు రంగు బీఓ మోటారులో గేర్లు ముందే అమర్చి ఉంటాయి, అది రెడీమేడా? మోటారుకు కరెంటు అందించే ఎల్298 మోటారు డ్రైవరు బోర్డు? చక్రాలతో సహా అమ్మే యాక్రిలిక్ ఛాసిస్ (రోబో చట్రం)? చాలా పోటీల్లో మొదటి రెండింటికీ అభ్యంతరం ఉండదు, మూడోదాని దగ్గరే వాదన మొదలవుతుంది. పాఠశాలలోని అటల్ టింకరింగ్ ల్యాబ్ కిట్ నుంచి తీసిన భాగాలను వాడేవారు ఈ ప్రశ్న తప్పక అడగాలి. 3డీ ప్రింటరుతో తీసిన భాగాలకు అనుమతి ఉంటే, వాటిని విద్యార్థులే రూపొందించాలా, దొరికిన డిజైనును ముద్రించుకున్నా సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. (అనుమతి దొరికాక ఇంకో జాగ్రత్త: పీఎల్ఏ ప్లాస్టిక్ అరవై డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. తిరుపతి ఎండలో అద్దాలు మూసిన కారులో రోబోను వదిలేసి భోజనానికి వెళితే, తిరిగి వచ్చేసరికి బ్రాకెట్టు వంగి ఉంటుంది.)

కొలతల విషయంలో సందేహం సంఖ్యలో ఉండదు, కొలిచే పద్ధతిలో ఉంటుంది. వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్ అనే అంతర్జాతీయ పోటీ రోబోమిషన్ విభాగంలో ఆరంభానికి ముందు రోబో ప్రతి దిక్కుకూ 250 మిల్లీమీటర్లలో ఇమడాలి. వైర్లు కూడా ఆ కొలతలోకే వస్తాయి. ఆట మొదలయ్యాక మాత్రం రోబో విచ్చుకోవచ్చు. ఇంత స్పష్టంగా రాసే నియమావళి అన్ని చోట్లా దొరకదు. వైర్లు లెక్కలోకి వస్తాయా, చేయి చాపిన తరువాతి పొడవు కొలుస్తారా, పెట్టెలో పెట్టి చూస్తారా టేపుతో కొలుస్తారా, బరువు బ్యాటరీతో కలిపా విడిగానా అన్నవి స్థానిక పోటీల్లో మీరే అడగాలి. అంగుళాల్లో ఇచ్చిన కొలతను సెంటీమీటర్లలోకి మార్చుకునేటప్పుడు గుండ్రం చేయవద్దు. పద్దెనిమిది అంగుళాలంటే 45.72 సెంటీమీటర్లు. దాన్ని 46గా అనుకుని కట్టిన రోబో తనిఖీ పెట్టెలో దిగదు.

లైన్ ఫాలోయర్ జట్లు వేదిక గురించి కూడా అడగాలి. ఇన్‌ఫ్రారెడ్ సెన్సారు ఎండలో తికమక పడుతుంది, ఎందుకంటే ఎండలోనే ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు ఉంటాయి. గదిలో చక్కగా గీత పట్టుకుని వెళ్లిన బండి, షామియానా కింద మధ్యాహ్నం రెండింటికి గీత వదిలేసి పక్కకు పోతుంది. పోటీ లోపలా బయటా, సెన్సారు చుట్టూ నల్ల అట్టతో గొడుగు కట్టుకోవచ్చా, ఆటకు ముందు కాలిబ్రేషనుకు (అక్కడి వెలుతురుకు తగినట్టు సెన్సారును సరిచేసుకోవడానికి) సమయం ఇస్తారా అన్న మూడూ ముందే తెలిస్తే చాలు.

ప్రశ్న రాసే పద్ధతి

"సార్, మా రోబోకి లిపో (లిథియం పాలిమర్) వాడొచ్చా?" అని ఫోనులో అడిగితే "వాడండమ్మా, ఏం పర్లేదు" అని జవాబు వస్తుంది. అది మర్యాద కోసం చెప్పిన మాట, తనిఖీ బల్ల దగ్గర దానికి విలువ ఉండదు. కళాశాల ఉత్సవాల్లో ఫోను ఎత్తేది ఒక విద్యార్థి అయితే, పోటీ రోజు బల్ల దగ్గర కూర్చునేది ఇంకొకరు. కాబట్టి అడగడమూ జవాబు తీసుకోవడమూ ఈమెయిలులోనో, అధికారికంగా ఇచ్చిన వాట్సాప్ నంబరులోనో జరగాలి. ఫోనులో మాట్లాడితే, వెంటనే "మీరు ఇలా చెప్పారు, సరిగానే అర్థం చేసుకున్నామా?" అని రాసి పంపి, అవునన్న జవాబు తెప్పించుకోవాలి.

ప్రశ్నలో నిబంధన సంఖ్య, ఉన్నది ఉన్నట్టుగా దాని వాక్యం, మీ వస్తువు పేరు, కొలత, ఆ వాక్యానికి రాగల రెండు అర్థాలు ఉండాలి. బ్యాటరీ గురించి ఇప్పుడైతే నేను ఇలా రాస్తాను: "నిబంధన 4.2లో వోల్టేజి 12కు మించరాదని ఉంది. ఈ పరిమితి బ్యాటరీ మీద ముద్రించిన విలువకు వర్తిస్తుందా, తనిఖీలో మీటరుతో కొలిచిన విలువకు వర్తిస్తుందా? మూడు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ మీద 11.1 అని ఉంటుంది, పూర్తి ఛార్జిలో 12.6 చూపుతుంది. దీనిని అనుమతిస్తారా?" చదివినవారు ఒక్క మాటలో జవాబివ్వగలగాలి. ఒక ప్రశ్నలో ఒకే విషయం ఉండాలి, ఎందుకంటే మూడు కలిపి అడిగితే సులువైనదానికి మాత్రమే జవాబు వస్తుంది.

రోబో మొత్తం ఫోటో పంపి "ఇది సరిపోతుందా?" అని అడగవద్దు. ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ వంటి పెద్ద పోటీల నియమావళిలోనే, ప్రశ్నోత్తరాల విభాగం రోబో చెల్లుతుందా లేదా అని పరిశీలించడానికి కాదనీ, జరిగిపోయిన పోటీల నిర్ణయాలను ప్రశ్నించడానికి కాదనీ రాసి ఉంటుంది. పైగా చాలా చోట్ల ప్రశ్నలూ జవాబులూ అన్ని జట్లకూ కనిపిస్తాయి. మీ ఎత్తుగడ బయటపడకుండా, ఆ ఒక్క భాగం గురించే అడగండి. ఇతర జట్లు అడిగినవి కూడా తప్పక చదవండి. మీకు రాని సందేహం వాళ్లకు వచ్చి ఉంటుంది.

సమయం విషయంలో మన ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన లెక్క ఉంది. మోటారు డ్రైవరో సెన్సారో మార్చవలసి వస్తే, తిరుపతి అంగళ్లలో దొరకనిదానికి చెన్నై రిచ్చీ స్ట్రీటుకో బెంగళూరు ఎస్పీ రోడ్డుకో వెళ్లాలి, లేదా కొరియరు కోసం ఎదురుచూడాలి. రానూపోనూ ఒక రోజు, కొత్త భాగానికి ప్రోగ్రాము సరిచేయడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆ లెక్కన సామగ్రి మీద ప్రశ్నలన్నీ కొనుగోలుకు ముందే వెళ్లాలి, జవాబులు పోటీకి కనీసం పది రోజుల ముందు చేతిలో ఉండాలి. మూడు రోజుల్లో జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే రెండు అర్థాల్లో కఠినమైనదానికి తగినట్టు రోబోను కట్టుకోండి. ఫస్ట్ లెగో లీగ్‌లో, ఎటూ తేల్చే వాక్యం లేనప్పుడు సందేహ లాభం జట్టుకే ఇవ్వాలన్న నియమం ఉంది. ఆ ఉదారత అన్ని చోట్లా ఉంటుందని లెక్క వేసుకోకూడదు.

నియమావళి మొదటి పేజీలో తేదీ, సంచిక సంఖ్య చూసుకోండి. మధ్యలో సవరణ వస్తే పాత జవాబు చెల్లకపోవచ్చు. పోటీకి ముందు రోజు సాయంత్రం ఒకసారి సవరణలు వెతికి, చివరి సంచికనూ మీకు వచ్చిన జవాబులనూ నిబంధనల సంఖ్యల వరుసలో ముద్రించి ఫైలులో పెట్టండి. విడిభాగాలుగా తీసుకువెళ్లే రెండో బ్యాటరీ, రెండో మోటారు కూడా తనిఖీకి చూపించవలసినవే. వాటిని రోబోతో పాటే బల్ల మీద పెట్టండి.

ఆ ఫైలు మీ చేతిలో కాక పిల్లల చేతిలో ఉండాలి. వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్ వంటి చోట్ల జట్లు పనిచేసే ప్రాంతంలోకి కోచ్‌ను రానివ్వరు. తాడుకు ఇవతల నిలబడి మీరు ఎంత సైగ చేసినా అది లోపలికి చేరదు. కనుక ముందు రోజు రాత్రి మీరే తనిఖీ వాలంటీరుగా కూర్చుని "ఈ బ్యాటరీ చెల్లదు" అని అనండి. పిల్లవాడు గొంతు పెంచకుండా ఫైలు తెరిచి, "సార్, నిబంధన 4.2కు మాకు వచ్చిన జవాబు ఇది, ఒకసారి చూడండి" అని ఆ కాగితాన్ని మీ ముందు పెట్టగలిగేవరకు అభ్యాసం చేయించండి.