చిన్నపిల్లలతో ‘ఓడెల్ లేక్’ ఆడించే పద్ధతి

ఎంఈసీసీ అనే అమెరికా విద్యా సాఫ్ట్‌వేర్ సంస్థ 1986లో యాపిల్ టూ కంప్యూటర్ల కోసం ‘ఓడెల్ లేక్’ అనే ఆటను రూపొందించింది. ఓడెల్ అనేది ఆరెగాన్ కొండల్లో నిజంగా ఉన్న సరస్సు. ఆటలో పిల్లలే ఆ సరస్సులోని ఒక చేపగా మారి, ఎదురైన ప్రతి జీవితోనూ ఏం చేయాలో నిర్ణయించుకోవాలి. బెంగళూరులో మా ఆరేళ్ల మనవరాలితో కలిసి ఆడుతూ నేను తెలుసుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

పాత కంప్యూటరు కోసం వెతకనక్కరలేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ఆట పేరు వెతికితే బ్రౌజరులోనే ఆడుకోవచ్చు. కీబోర్డు అవసరం కనుక ల్యాప్‌టాప్ మేలు. తెర మీది మాటలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. వాటిని మీరు తెలుగులో చెబుతూ పోతే చదవడం రాని పిల్లలూ ఆడగలరు.

ఊరికే సరస్సంతా తిరిగి రావడానికి ఒక పద్ధతి, పాయింట్ల కోసం ఆడడానికి మరొకటి ఉన్నాయి. కొన్నాళ్లు మొదటిదే ఆడించండి. పాయింట్ల మీద ధ్యాస పడితే పిల్లలు ఆలోచించకుండా మీటలు నొక్కుతారు. చేపల్లో ముందుగా మాకినా ట్రౌట్‌ను ఎంచుకోమనండి. అది లోతైన చల్లని నీటిలో తిరిగే పెద్ద వేటచేప. ఆ తర్వాత చిన్నదైన చబ్‌ను ఎంచుకుంటే, నిన్నటిదాకా తాము వేటాడిన చోటే ఇప్పుడు ప్రాణభయంతో తిరగవలసి వస్తుంది. ఈ మార్పే ఆటకు ప్రాణమని నా అభిప్రాయం.

ఏదైనా జీవి ఎదురైనప్పుడు తినడమా, వదిలేయడమా, తరమడమా, పారిపోవడమా అన్నది తేల్చుకోవాలి. మీట నొక్కే ముందు ప్రతిసారీ “ఇది మనల్ని తింటుందా, మనం దీన్ని తింటామా?” అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. జవాబు తప్పయినా సరిదిద్దవద్దు. ఆస్ప్రే అనే చేపల గద్ద మొదటిసారి ఎదురైనప్పుడు మా పాప లోతుకు పోకుండా పైనే ఉండిపోయి దానికి చిక్కింది. ఆ గద్ద నీటి పైభాగంలోని చేపలనే పట్టగలదని అప్పుడు చెప్పాను; రెండోసారి తనంతట తానే అడుగుకు దిగింది. నీటికుక్క, జాలరి వేసిన ఎర కూడా ఇలాగే అనుభవంలోకి వస్తాయి. చేప చనిపోయినప్పుడు పిల్లలు దిగులుపడితే కాసేపు ఆపి, ఆ గద్ద కూడా తన పిల్లలకు తిండి పెట్టుకోవాలి కదా అని నెమ్మదిగా చెప్పండి.

ఆట ఆడిన వారంలోనే మడివాళ చెరువుకో హెబ్బాళ చెరువుకో ఉదయం పూట తీసుకువెళ్లండి. ఓడెల్ హిమానీనదం తొలిచిన సహజ సరస్సు. మనవి వాననీటి కోసం కట్టలు వేసుకున్న చెరువులు. వీటి నీళ్లు అంత చల్లగా ఉండవు కనుక ఆ ట్రౌట్ చేపలు ఇక్కడ ఉండవు. కాని నీటికాకులు మునిగి చేపలను పట్టడం, లకుముకి పిట్ట కొమ్మ మీద నుంచి సూటిగా దూకడం కళ్లారా చూడవచ్చు. మాకినా చేసే పని మన నీళ్లలో కొర్రమీను చేస్తుందని చెబితే పిల్లలకు సులువుగా అర్థమవుతుంది.

ఇంటికి వచ్చాక రెండు కాగితాల మీద రెండు ఆహారపు గొలుసులు, ఒకటి ఓడెల్‌కు, ఒకటి మన చెరువుకు, గీయించండి. బాణపు మొన తినే జీవి వైపు ఉండాలి. పిల్లలు దాన్ని తరచుగా తిరగేసి గీస్తారు కనుక, తిండి ఎవరి కడుపులోకి పోతోందో వేలితో చూపించమని అడిగిన తర్వాతే బాణం గీయనివ్వండి.