గాఢ డిటర్జెంట్‌ను కొలత ప్రకారం వాడే పద్ధతి

బట్టలుతికే మామూలు ద్రవ డిటర్జెంట్‌లో అన్నిటికంటే ఎక్కువగా ఉండేది నీరు. మామూలు పొడి రకాలు చాలావాటిలో మురికిని వదిలించే రసాయనాలతో పాటు సోడియం సల్ఫేట్‌ వంటి పూరకాలు కూడా గణనీయంగా ఉంటాయి. ఈ నీటినీ పూరకాలనూ బాగా తగ్గించి, శుభ్రపరిచే పదార్థాల పాలు పెంచి తయారుచేసేదే గాఢ డిటర్జెంట్‌. జపాన్‌కు చెందిన కావో సంస్థ 1987లో ‘అటాక్‌’ అనే గాఢ పొడిని తెచ్చిన తరువాత ఈ తరహా సరుకు బాగా వ్యాపించింది. అన్నే విడతల ఉతుకుకు చిన్న సీసా లేదా చిన్న డబ్బా సరిపోతుంది కనుక ప్లాస్టిక్‌, అట్ట తగ్గుతాయి. ఒకే లారీలో ఎక్కువ సరుకు పడుతుంది కనుక రవాణాకు ఖర్చయ్యే ఇంధనమూ తగ్గుతుంది.

అయితే ఈ మేలంతా వాడే చేతి మీద ఆధారపడి ఉంటుంది. పాత అలవాటు ప్రకారం మూత నిండా పోస్తే, మురికిని వదిలించే సర్ఫాక్టెంట్లు అవసరానికి మించి కాలువలోకి చేరి, నీటిలోని జీవులకు మామూలు డిటర్జెంట్‌ కంటే ఎక్కువ హాని చేస్తాయి. కాబట్టి ముందుగా సీసా మీద రాసిన మోతాదు చదవండి. చాలా మూతల్లో అసలు కొలత గీత అడుగుకు దగ్గరగా, కంటికి ఆనకుండా ఉంటుంది. దాని మీద చెరగని సిరాతో మరో గీత గీసుకుంటే ఇంట్లో ఎవరు ఉతికినా పొరపాటు జరగదు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న కఠిన జలానికీ, బాగా మాసిన బట్టలకూ సూచించిన మేరకు కొద్దిగా పెంచవచ్చు. యంత్రం సగమే నిండినప్పుడు తగ్గించాలి.

నురగను చూసి మోతాదు నిర్ణయించకూడదు. చాలా గాఢ రకాలను తక్కువ నురగ వచ్చేలా తయారుచేస్తారు, పైగా నురగకూ శుభ్రతకూ నేరుగా సంబంధం లేదు. నురగ మరీ ఎక్కువైతే బట్టల మధ్య రాపిడి తగ్గి మురికి సరిగా వదలదు, జాడించడానికి అదనంగా నీళ్లు పోయవలసి వస్తుంది. చేత్తో ఉతికేవారు బకెట్‌లో ముందు నీళ్లు పోసి, కొలిచిన ద్రవాన్ని అందులో కలిపిన తరువాతే బట్టలు నానబెట్టాలి.

వేడి నీటితో యంత్రంలో ఉతికేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్తులో అధిక భాగం నీటిని వేడిచేయడానికే పోతుంది. చాలా గాఢ డిటర్జెంట్లలో మరకలను విడగొట్టే ఎంజైములు ఉండటం వల్ల, రోజువారీ బట్టలకు చల్లని లేదా గోరువెచ్చని నీరు చాలు. చల్లని నీటిలో పొడి కంటే ద్రవం తేలికగా కరుగుతుంది. పట్టు, ఉన్ని బట్టలకు మాత్రం ప్రొటీన్‌ను విడగొట్టే ఎంజైమున్న రకం పనికిరాదు, ఎందుకంటే ఆ దారాలే ప్రొటీన్‌తో ఏర్పడినవి.

కొనేటప్పుడు పెద్ద అక్షరాల్లో ఉన్న ‘గాఢం’ అన్న మాటను నమ్మి ఊరుకోకుండా, ఒక్కో విడతకు ఎన్ని మిల్లీలీటర్లు కావాలో, మొత్తం ఎన్ని విడతలు వస్తాయో పోల్చి చూడండి. గాఢమైనంత మాత్రాన ఫాస్ఫేట్‌ లేదని అర్థం కాదు. ఫాస్ఫేట్‌ చెరువుల్లో నాచును విపరీతంగా పెంచి, అది కుళ్లే క్రమంలో నీటిలోని ఆక్సిజన్‌ హరించుకుపోయేలా చేస్తుంది. కనుక ఆ సంగతి విడిగా చూసుకోవాలి. మళ్లీ నింపుకునే సంచుల్లో ప్లాస్టిక్‌ తక్కువే గాని, అనేక పొరలతో చేసినవాటిని తిరిగి వాడకంలోకి తేవడం కష్టం. విడత కొలతతో వచ్చే గుళికలు సౌకర్యమే, కానీ కొద్ది బట్టలకు వాటిని సగం చేసి వాడలేము. పిల్లలు మిఠాయి అనుకుని నోట్లో పెట్టుకునే ప్రమాదమూ ఉంది కాబట్టి తాళం వేసిన అరలోనే ఉంచాలి. ద్రవాన్ని తాగునీటి సీసాల్లోకి ఎన్నడూ మార్చవద్దు. సీసా ఖాళీ అయ్యాక అందులో కొద్దిగా నీళ్లు పోసి కుదిపి, ఆ నీటిని చివరి విడత ఉతుకులోనే పోసేయండి.