రెండు పెన్సిల్ సెల్లు దిగిపోతున్నా లాజిక్ చిప్పు నడవాలంటే

74హెచ్‌సీ రకం లాజిక్ చిప్పులకు డేటాషీటు (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) హామీ 2 నుంచి 6 వోల్టులు. రెండు పెన్సిల్ సెల్లు ఒక్కోటి 0.9కి దిగితే మొత్తం 1.8. 2018లో తిత్లీ తుపాను కొట్టాక పలాస, ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు సెల్లలో చివరిదాకా లాగే సర్క్యూట్ కావాలంటే, 2 వోల్టుల కింద మీ చిప్పు ఎక్కడ ఆగుతుందో ముందే కొలుచుకోవాలి. ఎల్‌ఎస్, హెచ్‌సీటీ అనే ఇతర లాజిక్ చిప్పు రకాలు దీనికి పనికిరావు, అవి 5 వోల్టులవి. సీడీ4000 రకానికి హామీయే 3 నుంచి మొదలు.

సప్లై: 5 వోల్టుల ఛార్జర్, ఎల్‌ఎమ్317 (వోల్టేజీని సర్దే చిప్పు), 120 ఓముల రెసిస్టర్, 200 ఓముల ప్రీసెట్ (తిప్పి మార్చుకునే రెసిస్టర్). 1.25 నుంచి దాదాపు 3 వోల్టుల దాకా వస్తుంది.

74హెచ్‌సీ14లో 1, 2 పిన్నుల మధ్య 100 కిలో ఓముల రెసిస్టర్, 1 నుంచి గ్రౌండుకు 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, ఇదే క్లాక్. మిగిలిన ఐదు ఇన్‌పుట్లూ గ్రౌండుకే. గాలికి వదిలేస్తే కరెంటు ఊరికే తాగుతాయి. 2వ పిన్నును 74హెచ్‌సీ4040 (లెక్కపెట్టే చిప్పు) పదో పిన్నుకి, దాని 11ని గ్రౌండుకి కలపండి. 14వ పిన్ను సెకనుకు సుమారు ఒకసారి ఎక్కి దిగుతుంది. ప్రతి చిప్పు సప్లై పిన్నుల దగ్గరే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ తప్పనిసరి.

ఎల్‌ఈడీని 14వ పిన్నుకి నేరుగా పెట్టకండి. ఎర్రదానికే సుమారు 1.8 కావాలి, అది ఆరిపోతే చిప్పు ఆగిందనుకుంటారు. 10 కిలో ఓముల ద్వారా బీసీ547 ట్రాన్సిస్టర్ బేసుకి ఇచ్చి, ఎల్‌ఈడీని 330 ఓములతో 5 వోల్టుల నుంచి వెలిగించండి.

ఇప్పుడు ప్రీసెట్‌ను 0.05 వోల్టు చొప్పున దించండి. వోల్టేజీ తగ్గేకొద్దీ ట్రాన్సిస్టర్లు అరకొరగా తెరుచుకుంటాయి, ఆలస్యం పెరుగుతుంది: 74హెచ్‌సీ00 చిప్పుకి 4.5 వోల్టుల దగ్గర సుమారు 9 నానోసెకన్లు, 2 దగ్గర 45. అందుకే తక్కువ వోల్టేజీలో నిదానమైన క్లాకే మేలు. లెక్క తప్పినా, మెరుపు ఆగినా ఆ వోల్టేజీ రాసుకోండి. తర్వాత సప్లై తీసి, అదే వోల్టేజీతో మళ్లీ ఇవ్వండి. నడుస్తున్నది నడుస్తూనే ఉండొచ్చు, ఆగినది లేవకపోవచ్చు. లేచే వోల్టేజీనే లెక్కలోకి తీసుకోవాలి.

బయటి 5 వోల్టుల సిగ్నల్ ఇన్‌పుట్‌కి తగులుతుంటే, లోపలి రక్షణ డయోడ్ గుండా అదే చిప్పుకి సప్లై అయిపోతుంది, కొలత అబద్ధం. 

ఈ పరీక్ష మే నెల మధ్యాహ్నం చేసి సరిపెట్టకండి. చలికి ట్రాన్సిస్టర్ తెరుచుకునే వోల్టేజీ పెరుగుతుంది, సెల్ కూడా నీరసిస్తుంది. పుష్యమాసం తెల్లవారుజామున మళ్లీ కొలవండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టి చూడండి. వచ్చినదానికి 0.3 కలిపి వాడుకోండి. ఇంకో చిప్పు వేస్తే మళ్లీ కొలవాల్సిందే, బ్యాచ్ బ్యాచ్‌కీ తేడా ఉంటుంది.

గెడ్డ (వాగు) నీరు పెరుగుతోందని హెచ్చరించే అలారానికైతే ఈ పద్ధతి వద్దు. మూడో సెల్ పెట్టండి: కొత్తవి 4.8, దిగినా 2.7, రెండూ హామీ లోపలే.